జ్ఞాన నాడీ తంతువులు: నొప్పి, స్పర్శనాశం, వ్యాధి

చర్మం, కండరాలు, కీళ్ళు, లోపలి అవయవాల నుంచి సమాచారాన్ని వెన్నుపాముకు, మెదడుకు మోసుకెళ్ళే నాడీ పోగులే జ్ఞాన నాడీ తంతువులు. ఒక్కో పోగుకు మూలమైన కణం వెన్నుపాము పక్కన, వెన్నుపూసల సందుల్లో ఉండే నాడీ ముడిలో ఉంటుంది. దాని తోక ఒకటి చర్మం దాకా, ఇంకొకటి వెన్నుపాములోకి సాగుతుంది. ముఖానికి సంబంధించిన కణాలు మాత్రం పుర్రె లోపలే, ఐదో కపాలనాడి ముడిలో ఉంటాయి. నాడుల సాధారణ నిర్మాణం పాఠకులకు తెలిసిందే కనుక ఇక్కడ నొప్పి మోసే సన్నని పోగుల గురించి, అవి దెబ్బతిన్నప్పుడు వచ్చే వ్యాధుల గురించి మాత్రమే చెప్పుకుందాం. తెలుగు నేలకు సంబంధించినంత వరకు ఈ విషయంలో ఎక్కువ అనుభవం కుష్ఠు నుంచే వచ్చింది. అందుకే ఆ భాగం కాస్త పెద్దది.

పోగులు, వేగాలు

నేటికీ వాడుకలో ఉన్న వర్గీకరణ అమెరికన్ శాస్త్రవేత్తలు జోసెఫ్ ఎర్లాంగర్, హెర్బర్ట్ గాసర్ల పని మీద నిలబడింది. వారికి 1944లో నోబెల్ బహుమతి వచ్చింది. పోగు లావుగా ఉండి మైలిన్ తొడుగు మందంగా ఉంటే సంకేతం వేగంగా పోతుంది. కండరాల స్థితిని తెలిపే ఎ-ఆల్ఫా పోగులు సెకనుకు 70 నుంచి 120 మీటర్లు, తాకిడిని తెలిపే ఎ-బీటా పోగులు 30 నుంచి 70 మీటర్లు పంపుతాయి. పలుచని తొడుగున్న ఎ-డెల్టా పోగుల వేగం 5 నుంచి 30 మీటర్లు. తొడుగే లేని సి పోగులు 2 మీటర్లు కూడా దాటవు. ఈ అంకెలు గ్రంథానికీ గ్రంథానికీ కొద్దిగా మారతాయి, హద్దులు కూడా ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. వీటిని కచ్చితమైన గీతలుగా కాక స్థూలమైన విభజనగా తీసుకోవడం మంచిది.

కాలి బొటనవేలికి రాయి తగిలినప్పుడు ముందు చురుక్కున ఒక పోటు, క్షణం ఆగి సలుపుతూ ఇంకో నొప్పి వచ్చేది ఈ తేడా వల్లే. వేలి నుంచి వెన్నుపాము దాకా దూరం సుమారు మీటరు. ఎ-డెల్టా పోగు ఆ దూరాన్ని సెకనులో చిన్న భాగంలో దాటేస్తుంది. సి పోగుకు దాదాపు ఒక సెకను పడుతుంది.

నొప్పి పుట్టుక

హాని కలిగించే ప్రేరణను మాత్రమే పసిగట్టే ప్రత్యేక నాడీ కొసలు ఉంటాయని ఛార్లెస్ షెరింగ్టన్ 1906 నాటికే వాదించాడు. అటువంటి ప్రత్యేక పోగులేవీ లేవని, తాకిడి తీరును బట్టి ఒకే పోగు నొప్పిని కూడా తెలుపుతుందని మరో వర్గం చాలాకాలం నమ్మింది. 1960ల చివర ఎడ్వర్డ్ పెర్ల్, ఆయన సహచరులు ఒంటరి పోగుల నుంచి సంకేతాలు నమోదు చేశాక మొదటి పక్షానికి బలం చేకూరింది. అయితే ఆ కథ అక్కడితో ముగియలేదు. రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం ప్రకారం, లావుపాటి స్పర్శ పోగుల సంకేతాలు వెన్నుపాములోనే నొప్పి సంకేతాలను కొంత అణచగలవు. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే ఉపశమనం కలగడానికి వివరణగా దీన్నే చెబుతారు. వారు గీసిన అల్లిక వివరాలు తర్వాత చాలావరకు సవరణకు గురయ్యాయి. వెన్నుపాము దగ్గర అదుపు ఉందన్న మూలభావన మాత్రం నిలిచింది.

గుంటూరు మిరప యార్డులోనూ, చుట్టుపక్కల కల్లాల్లోనూ మిరప తొడిమలు తీసే కూలీల చేతులు రాత్రిదాకా మండుతాయి. చర్మం కాలలేదు, వేడీ తగల్లేదు. మిరపలోని క్యాప్సైసిన్ సి పోగుల కొసల్లోని టీఆర్‌పీవీ1 అనే ద్వారాన్ని తెరుస్తుంది. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకునేదీ అదే ద్వారం. కాబట్టి మెదడుకు అందే వార్త కూడా నిప్పు తగిలిందనే. డేవిడ్ జూలియస్ బృందం ఈ ద్వారాన్ని 1997లో గుర్తించింది. ఒత్తిడిని పసిగట్టే ద్వారాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిసి జూలియస్ 2021లో నోబెల్ అందుకున్నాడు. క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. మండే చేతులకు ముందు నూనె రాసి ఆ తర్వాత సబ్బుతో కడగడం అందుకే పనిచేస్తుంది. ఇదే పదార్థాన్ని గాఢంగా పట్టీ రూపంలో చర్మానికి అంటిస్తే పోగుల కొసలు కొంతకాలం చచ్చుబడతాయి. సర్పి తర్వాత మిగిలే మంటకు దాన్ని మందుగా వాడుతున్నారు.

కొసలో పుట్టిన ప్రేరణ పోగు వెంట సాగాలంటే సోడియం ద్వారాలు కావాలి. వాటిలో ఎన్‌ఏవీ1.7 ముఖ్యమైనది. దాన్ని తయారుచేసే జన్యువు పూర్తిగా చెడితే మనిషికి పుట్టుక నుంచీ నొప్పి తెలియదని ఉత్తర పాకిస్తాన్ కుటుంబాల మీద జరిగిన పరిశీలన 2006లో చూపింది. ఆ పరిశీలనకు దారి చూపిన బాలుడు వీధుల్లో చేతికి కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి ప్రదర్శనలిచ్చేవాడు. ఇంటి కప్పు మీంచి దూకి పద్నాలుగేళ్ళు నిండకుండానే చనిపోయాడు. అదే జన్యువులో వేరే రకం మార్పు వస్తే ఫలితం తలకిందులై, కాళ్ళూ చేతులూ ఎర్రబడి భరించలేని మంట పుడుతుంది.

కుష్ఠు: పోగులు మూగబోయే వ్యాధి

కుష్ఠును చర్మవ్యాధిగా చూడటం అలవాటైనా, స్వభావరీత్యా అది నాడుల వ్యాధి. మైకోబాక్టీరియం లెప్రే అనే క్రిమిని నార్వేలో గెర్హార్డ్ హాన్సెన్ 1873లో చూశాడు. రంగువేసి స్పష్టంగా చూపిన ఆల్బర్ట్ నైస్సర్ 1879 తర్వాత ఆ ఘనత తనదన్నాడు. ఇప్పుడు ప్రాధాన్యం హాన్సెన్‌కే ఇస్తున్నారు, తేదీలు చూసినా అదే న్యాయం. భారతదేశంలో వ్యాధి ప్రాచీనతకు సుశ్రుత సంహితలోని స్పర్శలేమి వర్ణనలు ఒక ఆధారం. రాజస్థాన్‌లోని బలాథల్‌లో దొరికిన, సుమారు 4,000 ఏళ్ళ నాటిదని చెబుతున్న అస్థిపంజరం మరొకటి. ఎముకల మీది గుర్తుల నుంచి రోగనిర్ణయం చేసేటప్పుడు కొంత సందేహం ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

ఈ క్రిమి శరీరపు చల్లని భాగాలను ఇష్టపడుతుంది. చర్మానికి దగ్గరగా సాగే నాడులు, ముఖ్యంగా మోచేతి వెనుక అల్నార్ నాడి, మోకాలి పక్కన, చీలమండ దగ్గర ఉండే నాడులు ముందుగా చిక్కుతాయి. అనుభవమున్న ఆరోగ్య కార్యకర్త మోచేతి గాడిలో వేళ్ళు పెట్టి, లావెక్కిన నాడిని తాడు తడిమినట్టు తడిమి గుర్తిస్తారు. క్రిమి నాడిపోగులను చుట్టి ఉండే ష్వాన్ కణాల్లో కాపురం పెడుతుంది. నాడి ఎలా పాడవుతుందన్న దానిపై రెండు వివరణలున్నాయి. క్రిమి నేరుగా ష్వాన్ కణాన్ని పట్టుకుని తొడుగును ఊడదీస్తుందని అనిల్ రంబుక్కన బృందం 1990ల చివరి నుంచి చెబుతూ వచ్చింది. క్రిమిని మింగిన రక్షక కణాలే నాడిని పాడుచేస్తాయని జీబ్రా చేపల మీద 2017లో వెలువడిన పరిశోధన చూపింది. శరీరపు రక్షణ వ్యవస్థ ఉన్నట్టుండి క్రిమి మీద విరుచుకుపడే ప్రతిచర్యల్లో స్టెరాయిడ్ మందులతో నాడి తేరుకోవడం చూస్తే రెండో వివరణకే మొగ్గు చూపాలనిపిస్తుంది. రెండూ వేర్వేరు దశల్లో పనిచేసే అవకాశాన్నీ తోసిపుచ్చలేం.

సాధారణంగా ముందు వేడి, చలి, నొప్పి తెలియకుండా పోతాయి. మెత్తని తాకిడి తర్వాత పోతుంది. చెమట పట్టించే పోగులు కూడా పోవడంతో అరచేయి, అరికాలు ఎండి పగుళ్ళిస్తాయి. చర్మం మీద వచ్చే మచ్చ దురద పెట్టదు, నొప్పెట్టదు. రోగి ఆలస్యంగా వైద్యుడి దగ్గరికి రావడానికి అదే పెద్ద కారణం.

వేళ్ళు కుళ్ళి రాలిపోతాయన్న నమ్మకాన్ని శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ తిరగరాశాడు. తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన ఆయన, చిత్తూరు సరిహద్దుకు దగ్గరలోని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చాడు. తుప్పుపట్టిన తాళాన్ని తాను తిప్పలేకపోతే ఒక కుర్రవాడు సులువుగా తిప్పేశాడని, వాడి వేలు ఎముక దాకా తెగడం తర్వాత చూశానని ఆయన రాశాడు. రాత్రిపూట ఎలుకలు కొరికినా రోగులకు మెలకువ రావడం లేదని తేలాక, ఇళ్ళకు వెళ్ళేవారికి పిల్లుల్ని ఇచ్చి పంపిన కథ కూడా ఆయన చెప్పిందే. వేళ్ళను హరించేది క్రిమి కాదు, నొప్పి తెలియక పదే పదే తగిలే గాయాలు, వాటిలో చేరే చీము. ఎముక క్షీణతలో క్రిమి పాత్ర బొత్తిగా లేదనలేం గానీ వైకల్యాల్లో ఎక్కువ భాగం ఈ గాయాల వల్లేనన్నది ఇప్పుడు స్థిరపడిన విషయం. ఆపగలిగిన నష్టం కాబట్టే ఈ నిర్ణయానికి అంత విలువ.

తెలుగు ప్రాంతంలో సంస్థాగత చికిత్సకు పాత కేంద్రం నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి. వెస్లియన్ మిషన్ వైద్యురాలు ఇసబెల్ కెర్, రాజా నర్సాగౌడ్ విరాళంతో అక్కడ విక్టోరియా ఆసుపత్రిని నడిపింది. ప్రారంభం 1915 అన్నదే ఎక్కువమంది చెప్పే తేదీ. అప్పటి మందు చాల్‌ముగ్రా జాతి నూనె. ఉత్తరాంధ్రలో సాలూరులోని లెప్రసీ మిషన్ వారి ఫిలడెల్ఫియా ఆసుపత్రి, చిలకలపల్లిలోని గాంధీ స్మారక కుష్ఠు నివారణ సంస్థ కేంద్రం ముఖ్యమైనవి. ఆ సంస్థ 1950లలో ఇల్లిల్లూ తిరిగి సర్వే, బోధన, చికిత్స అనే పద్ధతిని ఆచరణలోకి తెచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం అప్పట్లో వ్యాధి తీవ్రంగా ఉన్న ప్రాంతాలు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేశాక, దేశంలో అది ముందుగా చేరిన ప్రాంతాల్లో ఉత్తరాంధ్ర ఒకటి. తక్కువ క్రిములున్న రకానికి 6 నెలలు, ఎక్కువ క్రిములున్న రకానికి 12 నెలలు మందు వాడతారు. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద వ్యాధి 10,000 మందికి ఒక కేసు కంటే తగ్గింది. తగ్గడం వేరు, లేకుండా పోవడం వేరు. కొత్త కేసులు ఇప్పటికీ వస్తున్నాయి.

మందు క్రిమిని చంపుతుంది కానీ, పోయిన పోగును తిరిగి మొలిపించదు. నాడి దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడితే తేరుకునే అవకాశం ఎక్కువ. అందుకే పరీక్షకు అంత ప్రాధాన్యం. రోగిని కళ్ళు మూసుకోమని, అరచేతిపై, అరికాలిపై నిర్ణీత బిందువుల దగ్గర నైలాన్ పోగును అది వంగేదాకా ఆనిస్తారు. ఎక్కడ తాకిందో రోగి వేలితో చూపాలి. పల్లె స్థాయిలో బాల్‌పెన్ను మొనతోనే ఈ పని కానిస్తారు.

అనకాపల్లి జిల్లాలో చోడవరం, వడ్డాది పరిసరాలు చెరకు పండి, బెల్లం తయారయ్యే నేల. ఇక్కడ స్పర్శ పోయిన చేయంటే ఏమిటో ఊహించడం కష్టం కాదు. చెరకు ఆకు అంచు కోసినా, బెల్లం పెనం అంచు కాల్చినా ఆ చేతికి తెలియదు. చక్కెరవ్యాధి వల్ల పాదాల స్పర్శ పోయినవారి స్థితీ ఇదే. కొడవలి పిడికి గుడ్డ చుట్టడం, వేడి గ్లాసును తువ్వాలుతో పట్టుకోవడం, ఎంసీఆర్ (మెత్తని మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు వేసుకోవడం, కుష్ఠులోనైతే రోజూ పాదాలను నీళ్ళలో నానబెట్టి నూనె రాయడం, ఎవరైనా సరే గాయముందేమో రోజూ కళ్ళతో చూసుకోవడం చేయవలసినవి. పోయిన పోగు పని కళ్ళు చేయాలి.

ఇతర వ్యాధులు

సంఖ్యలో చూస్తే ఇప్పుడు పోగుల్ని దెబ్బతీసే కారణాల్లో మొదటిది చక్కెరవ్యాధి. పొడవైన పోగులు ముందు పాడవుతాయి కనుక తిమ్మిరి, చీమలు పాకినట్టుండటం, అరికాళ్ళ మంట వేళ్ళ నుంచి మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతాయి. మంట, మొద్దుబారడం ఒకే పాదంలో కలిసే ఉండటం చాలామందిని తికమక పెడుతుంది. మిగిలిన పోగులు అతిగా స్పందిస్తుండగానే పోయిన పోగులు మౌనంగా ఉంటాయి. సర్పిలో ఆటలమ్మ వైరస్ నాడీ ముడిలో ఏళ్ళ తరబడి దాగి, తర్వాత ఒక పట్టీ మేర విజృంభిస్తుంది. క్షయకు వాడే ఐసోనియాజిడ్ వల్ల తిమ్మిర్లు వస్తాయి, దాంతోపాటు ఇచ్చే బి6 విటమిన్ వాటిని నివారిస్తుంది. ఎర్రతేలు విషం సోడియం ద్వారాలను మూసుకోనివ్వదు, కుట్టినచోట పుట్టే భయంకరమైన నొప్పికి ఒక కారణం అదే. ఆ ద్వారాలనే ఎంచి మూసే మందుల కోసం జరిగిన వెతుకులాటలో ఎన్‌ఏవీ1.8ను అడ్డుకునే సుజెట్రిజిన్‌కు 2025 జనవరిలో అమెరికాలో అనుమతి లభించింది. అది తాత్కాలికమైన తీవ్ర నొప్పికి ఉద్దేశించిన మందు.

నిర్ధారణలో ఒక జాగ్రత్త అవసరం. ఆసుపత్రుల్లో చేసే నాడీ వాహక పరీక్ష లావుపాటి పోగులనే కొలుస్తుంది. ఎ-డెల్టా, సి పోగులు మాత్రమే పాడైనవారికి ఆ ఫలితం మామూలుగానే రావచ్చు. అటువంటప్పుడు రోగి చెప్పే మంటను కల్పనగా కొట్టిపారేయకూడదు. కాలి చర్మం నుంచి 3 మిల్లీమీటర్ల ముక్క తీసి, పైపొరలోని పోగుల సాంద్రతను లెక్కించే పరీక్ష ఉంది. అది అందుబాటులో లేనిచోట వేడి, చలి, సూది మొన తెలుస్తున్నాయో లేదో రెండు పాదాల్లో పోల్చి చూడటమే వైద్యుడికి మిగిలే మార్గం.