బూట్లలో నీళ్ళు

1864. అమెరికా అంతర్యుద్ధం ఇంకా నడుస్తోంది. నరాలకు తూటా దెబ్బలు తగిలిన సైనికులకు ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ ఆసుపత్రిలో వైద్యం చేస్తున్న సైలస్ వియర్ మిచెల్, మోర్‌హౌస్, కీన్ కలిసి ఆ ఏడాది ఒక చిన్న పుస్తకం వేశారు. అందులో కొందరు రోగులు వింతగా ఉంటారు. గాయం మానిపోయింది, చెయ్యి మాత్రం మండుతూనే ఉంది. ఎప్పుడూ తడిగుడ్డ చుట్టుకునే తిరుగుతారు. బూట్లలో నీళ్ళు పోసుకున్నవాళ్ళూ ఉన్నారు. ఈ మంటకే మిచెల్ తర్వాత కాసాల్జియా అన్న పేరు వాడాడు.

అదే ఏడాది ఆ ముగ్గురే ఇంకో వ్యాసం రాశారు: నరాల జబ్బు నటించే సైనికుల్ని పట్టుకోవడం ఎలా అని! ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. పైకి ఏమీ కనబడని నొప్పి నిజమా కాదా అన్నది అప్పట్లో డాక్టరు నమ్మకం మీదే ఆధారపడేది. మిచెల్ ఈ మంటని నమ్మాడు. ఆయన నమ్మకానికీ హద్దులున్నాయనుకోండి. 1887లో తన దగ్గరికొచ్చిన షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్‌ని విశ్రాంతి పేరుతో మంచానికి పరిమితం చేసి, ఇక కలం ముట్టొద్దన్నాడని ఆవిడే చెప్పింది. 'ది యెల్లో వాల్‌పేపర్' కథ అందులోంచే పుట్టింది.

ఆ సైనికుల మాటకి సాక్ష్యం దొరకడానికి వందేళ్ళు దాటింది. 1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల మీద ఒక ప్రయోగం చేశాడు. కాలికి గాయమయ్యాక వెన్నుపాము స్పందన పెరిగింది. గాయమైన చోట మత్తుమందిచ్చి నోరు మూయించినా ఆ పెరిగింది తగ్గలేదు. అంటే ఫిర్యాదు ఇక కాలిది కాదు, వెన్నుపాముది.

ఇక్కడే గ్లుటమేట్ వస్తుంది. అజినమోటోలో ఉండేదే, కానీ నరాలు దీన్ని సొంతంగా తయారు చేసుకుంటాయి. వెన్నుపాములో నొప్పి కబురు ఒక కణం నుంచి ఇంకోదానికి మోసేది ముఖ్యంగా ఇదే. దాన్ని అందుకునే రిసెప్టర్లలో ఒకటి ఎన్‌ఎమ్‌డీఏ. మామూలప్పుడు దాని దారికి మెగ్నీషియం అడ్డంగా కూర్చుని ఉంటుందని 1984లో తేలింది. దెబ్బతిన్న నరం నుంచి కబుర్లు ఆగకుండా వస్తూంటే ఆ అడ్డు తొలగుతుంది, కాల్షియం లోపలికి వస్తుంది, కణం ఇంకాస్త తేలిగ్గా రేగేలా మారిపోతుంది. అప్పుడు చొక్కా తగిలినా నొప్పే. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఇన్‌పుట్ పెరగక్కర్లేదు, త్రెషోల్డే తగ్గిపోయింది.

చిక్కేమిటంటే, మెదడులో జ్ఞాపకాలు నిలవడానికి కావలసిందీ ఈ రిసెప్టరే. 1960ల నాటి మత్తుమందు కెటమిన్ దీన్ని మూస్తుంది, కొందరికి నొప్పీ తగ్గిస్తుంది. కానీ దాంతోపాటు భ్రమలు రావచ్చు, తన ఒళ్ళు తనది కానట్టు అనిపించొచ్చు. వెన్నుపాములో తలుపు మూయబోతే మెదడులోవీ మూసుకుంటాయి మరి. అందుకే ఇవాళ నరాల నొప్పికి డాక్టర్లు ముందుగా రాసేది కెటమిన్ కాదు, గాబాపెంటిన్ లాంటివి. అవి పనిచేసే చోటు వేరు.