పోస్టులో వెళ్లిన లక్షణాలు

1938లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, ఫారెస్ట్ పట్టణం నుంచి బాల్టిమోర్‌కు ఒక ఉత్తరం వెళ్లింది. టైపు చేసినవి 33 పేజీలు. రాసింది బీమన్ ట్రిప్లెట్ అనే లాయరు, అందుకున్నది జాన్స్ హాప్కిన్స్‌లోని పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్. విషయం అయిదేళ్ల కొడుకు డొనాల్డ్: ఒంటరిగా ఉంటేనే హాయి, చేతికందిన వస్తువునల్లా గిర్రున తిప్పడమే ఆట. కానర్ 1943లో 11 మంది పిల్లల మీద ప్రచురించిన వ్యాసంతోనే ఆటిజం వైద్యశాస్త్రంలోకి వచ్చింది. అందులో మొదటి కేసు డొనాల్డ్‌దే. తండ్రి ఉత్తరంలోని సంగతులు అందులో చాలానే ఉన్నాయి.

తల్లిదండ్రుల కళ్లతో ఆటిజాన్ని గుర్తుపట్టిన వైద్యమే తర్వాత వాళ్లనే దోషులను చేసింది. తల్లి ప్రేమ చూపకే బిడ్డ ఇలా అయ్యాడన్న మాట చాలాకాలం చెలామణీ అయింది. కానర్‌కూ అందులో వాటా ఉంది.

ఆ మాటను గట్టిగా ఎదిరించినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. అమెరికా నౌకాదళంలో సైకాలజిస్టు, ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి. 1964లో వచ్చిన తన పుస్తకం చివర ఒక ప్రశ్నావళి పెట్టాడు. ఎక్కడెక్కడి తల్లిదండ్రులో దాన్ని నింపి ఆయనకు పోస్టు చేశారు. దూరవైద్యం అన్న మాట వాడకపోయినా జరిగింది అదే.

తెర కూడా అప్పటికే వచ్చింది. అదే ఏడాది నెబ్రాస్కాలో ఒమాహా మానసిక వైద్యసంస్థను సుమారు 180 కిలోమీటర్ల దూరంలోని నార్‌ఫోక్ ఆస్పత్రితో టీవీ ద్వారా కలిపారు. మన వైపు 2000లో చిత్తూరు జిల్లా అరగొండ గ్రామం చెన్నై డాక్టర్లకు ఉపగ్రహం ద్వారా కనిపించింది.

కోవిడ్ వేళ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఆటిజం వీడియో పరీక్ష బాగా వాడుకలోకి వచ్చింది. అందులో డాక్టరు తెర మీద నుంచి చెబుతుంటే బిడ్డను ఆడించేది అమ్మో నాన్నో. ఇంట్లో బిడ్డ ఎలా ఉంటాడో అడగకుండానే ఆన్‌లైన్ థెరపీకి ప్యాకేజీ ధర చెప్పేవారిని ఈ చరిత్ర తెలిసినవారు నమ్మకపోవడమే మేలు.

మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు 2020 మార్చి 25న వచ్చాయి. మందుల చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, మైనరు పక్కన పెద్దవాళ్లు ఉండాలి, వాళ్లెవరో డాక్టరు నిర్ధారించుకోవాలి. అయితే ఇవి డాక్టర్లకు రాసిన నియమాలు. ఆటిజంలో వారం వారం తెర మీద కనిపించేది ఎక్కువగా స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్. వాళ్ల పేర్లు వెతకాల్సింది రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టరులో.