దంత ఫ్లోరోసిస్ (పశ్చిమ ప్రకాశం)

దంత ఫ్లోరోసిస్ అనేది పళ్ల ఎనామిల్ ఏర్పడే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, తాగునీటి ద్వారా ఫ్లోరైడ్ అధికంగా ఒంట్లో చేరడం వల్ల పళ్లకు కలిగే శాశ్వత లోపం. 1937లో పరిశోధకుడు షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఫ్లోరోసిస్‌ను నమోదు చేశారు. భారతదేశంలో వెలువడిన తొలి నివేదికల్లో అది ఒకటి. ఆ తాలూకాలు, కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు కలిసి 1970లో ఒంగోలు (తరువాత ప్రకాశం) జిల్లాలో చేరాయి.

స్వల్పంగా ఉంటే పంటిపై సుద్దరంగు సన్నగీతలు కనిపిస్తాయి. ఎక్కువైతే గోధుమరంగు మచ్చలు పడతాయి, మరీ తీవ్రమైతే ఎనామిల్ గుంటలు పడి పెచ్చులూడుతుంది. మచ్చ ఎనామిల్ లోపలిది కనుక ఎంత తోమినా పోదు. పళ్లు సరిగా తోముకోరన్న నింద పిల్లలపై మోపడం అన్యాయం.

ఫ్లోరైడ్ మచ్చల చికిత్సకు మైక్రోఅబ్రేషన్, బ్లీచింగ్, రెజిన్ పూత, వెనీర్లు వాడతారు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటి వనరు లేనిచోట 1.5 వరకు అనుమతి ఉంది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా జలాలను ఫ్లోరైడ్ బాధిత పశ్చిమ ప్రకాశానికి తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది.