శిలపై హోదా: వాల్టర్ టల్ స్మారకం, ఒక పరిశీలన

కంబదూరు మల్లేశ్వరుడి గుడి ఉన్న పాత నొళంబ సీమలో, పోరులో పడినవారి స్మారక శిలలైన వీరగల్లులు కొత్త కాదు. కింది పలకలో పోరు, నడుమ వీరుణ్ణి మోసుకుపోయే అప్సరసలు, పైన లింగం ముందు అతడు. అక్షరం రానివాడికీ ఆ మనిషి ఎలా పడ్డాడో రాయే చెబుతుంది. ఫ్రాన్స్‌లోని అర్రాస్ స్మారకం అలా చెప్పదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సమాధికి నోచుకోని దాదాపు 35,000 మంది పేర్లు అక్కడ దళాలవారీగా, హోదాలవారీగా ఉన్నాయి. ఫుట్‌బాల్ ఆటగాడు వాల్టర్ టల్ పేరు సెకండ్ లెఫ్టినెంట్ల వరుసలో ఉంది. అతని కథంతా ఆ హోదాలోనే ఉందని నా వాదం.

టల్ 1888లో ఇంగ్లండులోని ఫోక్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి, తాత బానిస. తల్లి కెంట్ ప్రాంతపు తెల్ల మహిళ. తొమ్మిదేళ్లకే తల్లీ తండ్రీ పోయి లండన్ అనాథాశ్రమం చేరాడు. 1909లో టాటెన్‌హామ్ జట్టులోకి వచ్చాడు. అదే ఏడాది బ్రిస్టల్‌లో ప్రేక్షకులు అతని రంగును పట్టుకుని బూతులు తిట్టారు. ఆ రోజు మైదానంలో అందరికన్నా మేటి ఫార్వర్డ్ అతడేనని ఒక పత్రికా విలేఖరి రాశాడు. తర్వాత నార్తాంప్టన్‌కు వందకు పైగా మ్యాచ్‌లు ఆడి, 1914 డిసెంబరులో ఆటగాళ్ల పటాలమైన 17వ మిడిల్‌సెక్స్‌లో చేరాడు.

శుద్ధ ఐరోపా సంతతివారికే అధికారి పదవి అన్నది ఆనాటి బ్రిటిష్ సైనిక నిబంధన. అయినా 1917 మే 30న టల్‌కు కమిషన్ దక్కింది. అధికారుల కొరత కొంత పనిచేసి ఉంటుంది. అతని యోగ్యత అంతకన్నా ఎక్కువ పనిచేసిందని నమ్ముతాను.

అధికారి పదవికి అడ్డు నిలిచిన ఇలాంటి గోడ మనకూ తెలిసినదే. మద్రాసు సైన్యంలో సిపాయిగా చేరినవాడు ఎంత ఎదిగినా సుబేదారు మేజరు దగ్గర ఆగాలి. నిన్నగాక మొన్న వచ్చిన ఇంగ్లీషు సెకండ్ లెఫ్టినెంటు అతనికి పైవాడే. పైగా కొన్ని జాతులే పోరుకు తగినవన్న, 1857 తర్వాత బలపడిన యుద్ధజాతుల సిద్ధాంతం తెలుగువాళ్లను పదాతి దళాల నుంచే తప్పించింది. భారతీయులకు రాజు కమిషన్ (పూర్తి అధికారి హోదా) ఇస్తామన్న ప్రకటన 1917 ఆగస్టులో వెలువడింది, టల్ అధికారి అయిన మూడు నెలలకు. అందుకే అతని హోదాను మన చరిత్ర పక్కన పెట్టి చదవాలంటాను.

అధికారి అయ్యాక, ఇటలీలో పియావే నది దాటి జరిపిన దాడిలో టల్ ధైర్యాన్నీ నిబ్బరాన్నీ సేనాని లాఫర్డ్ మెచ్చుకున్నాడు. ఎనిమిదేళ్ల కింద బ్రిస్టల్‌లో తిట్ల మధ్య ఆడినవాడి నిబ్బరమే అది. 1918 మార్చి 25న ఫావ్రై దగ్గర, జర్మన్ల వసంతకాలపు దాడిలో గుండు తగిలి పడిపోయాడు. బిల్లింగ్‌హామ్ అనే సిపాయి, ఒకప్పటి గోల్‌కీపర్, కాల్పుల మధ్యే అతన్ని వెనక్కి చేర్చబోయాడు. జర్మన్లు మీదికి రావడంతో వదిలేసి రావలసి వచ్చింది.