కాపలా తీసేసిన కర్మాగారం

భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ ఉద్యోగమంటే ఒకప్పుడు ఆ ఇంటికి పండుగ. పైరును తినే పురుగుల్ని చంపే సెవిన్ మందు అక్కడ తయారయ్యేది. ఆ మందుకు కావలసిన మిథైల్ ఐసోసైనేట్‌ను 1980 నుంచి అక్కడే చేయడం మొదలుపెట్టారు. కార్మికులు దాన్ని ‘మిక్’ అనేవారు. 39 డిగ్రీలకే మరిగే ద్రవం అది. నీరు కలిస్తే కుతకుత ఉడుకుతుంది. దాని ఆవిరి సోకితే కళ్లూ ఊపిరితిత్తులూ కాలిపోతాయి.

కర్మాగారం కట్టినవాళ్లకు ఇదంతా తెలుసు. అందుకే కాపలాలు పెట్టారు. ట్యాంకుల్ని చల్లగా ఉంచే యంత్రం, బయటపడిన వాయువును కాస్టిక్ సోడాతో కడిగే స్క్రబ్బర్, ఇంకా మిగిలితే కాల్చేసే ఫ్లేర్ టవర్, ఆఖరున నీటి తెర, ఊరిని లేపే సైరన్. వీటన్నిటినీ కనిపెట్టుకుని ఉండే మనుషులు. కర్ణుడి చావుకు కారణాలనేకం అంటారు. ఇక్కడ మాత్రం అన్ని కారణాలకూ వేరు ఒక్కటే. సెవిన్ అమ్మకాలు పడిపోయి నష్టాలు వచ్చినప్పుడు, కార్మికుడి ప్రాణానికి కాపలా ఉన్నవాటి మీదే కోత పడింది.

హెచ్చరికలు రాలేదా? వచ్చాయి. 1981 డిసెంబరులో ఫాస్జీన్ అనే విషవాయువు సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982 మొదట్లో అదే వాయువు మళ్లీ కారి, ఇరవై మందికి పైగా అస్వస్థులయ్యారు. మేలో అమెరికా నుంచి మాతృసంస్థ నిపుణులు వచ్చి లోపాలన్నీ రాసిచ్చారు. ఈ కర్మాగారం విషం వేలమందిని బలిగొంటుందని కార్మిక సంఘం ఊళ్లో గోడల మీద పోస్టర్లు అంటించింది. రాజ్‌కుమార్ కేస్వానీ అనే పాత్రికేయుడు తన చిన్న వారపత్రిక ‘రపట్’లో ఊరిని కాపాడమని ఆ ఏడాదే రాశాడు. వినవలసినవాళ్లు వినలేదు.

మిక్ విభాగంలో షిఫ్టుకు పన్నెండు మంది ఉండేవారు, ఆరుగురు మిగిలారు. నెలల శిక్షణ రోజుల్లోకి కుదించుకుపోయింది. రాత్రి షిఫ్టు మెయింటెనెన్స్ సూపర్‌వైజర్ పోస్టు పోయింది. 1984 జూన్‌లో చల్లబరిచే యంత్రాన్ని ఆపేశారు. స్క్రబ్బర్‌ను వాడకుండా పక్కన ఉంచారు. ఫ్లేర్ టవర్‌కు వెళ్లే గొట్టం తుప్పు పట్టిందని ఒక ముక్క తీసేశారు, కొత్తది బిగించలేదు.

అదే ఏడాది డిసెంబరు 2 రాత్రి, నలభై టన్నులకు పైగా మిక్ ఉన్న 610 నంబరు ట్యాంకులోకి నీరు చేరింది. గొట్టాలు కడిగేటప్పుడు నీరు ట్యాంకు వైపు పోకుండా ఆపే అడ్డుపలక వేయలేదని కార్మికులు చెప్పారు. ఎవరో కార్మికుడే కసితో పోశాడని కంపెనీ చెప్పింది. నీరు ఎలా చేరినా, ట్యాంకు చల్లగా ఉంటే ఆ రసాయనం అంత ఉధృతంగా పొంగేది కాదు. పదకొండున్నర వేళ కార్మికుల కళ్లు మండాయి. అక్కడ కళ్లు మండడం కొత్త కాదు. టీ తాగాక చూద్దామనుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. మంటకు అలవాటుపడేలా వాళ్లను ఏళ్ల తరబడి వదిలేసినవారిదే ఆ తప్పు. అర్ధరాత్రి దాటాక ట్యాంకు మీది కాంక్రీటు కంపించింది. కార్మికులు నీళ్లు చిమ్మారు. 33 మీటర్ల ఎత్తున వాయువు ఎగదన్నుతున్న చోటికి ఆ ధార అందలేదు. ఊరిని లేపవలసిన సైరన్‌ను కాసేపటికే ఆపేశారు.

ఆ రాత్రి నేలరాలినవాళ్లలో ఎక్కువమంది ఆ కర్మాగారంలో ఏనాడూ అడుగుపెట్టనివాళ్లు. జయప్రకాశ్ నగర్, కాజీ క్యాంప్ బస్తీల్లో పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని నిద్రపోతున్న పేదలు. ప్రభుత్వం మొదట చెప్పిన లెక్క 2,259. ఆ తర్వాత చావులు వేలమీద వేలు పెరిగాయి. 1989లో కంపెనీతో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 2010లో కంపెనీ భారతీయ అధికారులు ఏడుగురికి పడిన శిక్ష రెండేళ్లు.

ఆ చావుల తర్వాతే, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. పని చేసే చోట ఏ విషం ఉందో తెలుసుకునే హక్కు, ప్రాణాపాయం కనిపిస్తే చెప్పే హక్కు కార్మికుడికి రాసిచ్చారు. కానీ రాత వేరు, నడత వేరు. 2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖలో, ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి కమ్ముకుంది. 12 మంది పోయారు. చల్లబరిచే ఏర్పాటు రాత్రిపూట నడవలేదని, సైరన్ మోగలేదని విచారణలో తేలింది. ముప్పై ఐదేళ్ల తర్వాత కూడా అవే రెండు కాపలాలు!

కార్మికుడికి తగ్గించిన భద్రత ప్రహరీగోడ లోపలే ఆగిపోదు. గాలి ఎటు వీస్తే అటు, గోడ దాటి ఇళ్లలోకి వస్తుంది. అందుకే మాస్కు, శిక్షణ, షిఫ్టుకు చాలినంత మంది మనుషులు అనేవి యజమాని దయతో ఇచ్చేవి కావు, మొత్తం ఊరికి ఆయన పడిన బాకీ. ‘ఇక్కడ ప్రమాదం ఉంది’ అని కార్మికుడు అన్న క్షణాన యంత్రం ఆగాలి. అతని మాట తప్పో ఒప్పో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.