ముద్ర వేసిన బాట

సిద్దిపేట పాత ఇండ్లలో ఇనుపపెట్టె లేని ఇల్లు అరుదుగా ఉండెడిది. అందులో బంగారము కన్న కాగితములే ఎక్కువ. నిజాము కాలపు సేత్వారు నకళ్లు, ఉర్దూలో వ్రాసిన రసీదులు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, పెండ్లి పత్రికలు, పసుపు పట్టిన ఒకటి రెండు ఫోటోలు. పెట్టె తాళపుచెవి ఇంటి పెద్ద మొలత్రాటికి వ్రేలాడుచుండెను. కాగితము కావలసినవాడు పెట్టె యొద్దకు రావలసినదే. పెట్టె వాని యొద్దకు పోయెడి ఆచారము లేదు.

మా ఇంట ఆ పెట్టె ఇప్పుడు అటక మీద ఉన్నది. అందులోని కాగితములన్నిటిని స్కానరుతో పట్టి ఒక చిన్న కంప్యూటరులో చేర్చితిమి. మా నాయనగారి కంఠస్వరము గల పాత టేపులను గూడ అందులోనే భద్రపరచితిమి. వానికి వేరొక ప్రతి నాటికి లేదు. ఇన్వర్టరు ప్రక్కన రాత్రింబగళ్లు ఆరక నడచు ఆ యంత్రమును పిల్లలు హోం సర్వరు అందురు. మా అమ్మాయి హైదరాబాదులో, అన్నగారి కుమారుడు డల్లాసులో ఉన్నారు. అచ్చట వేసవి మధ్యాహ్నము ఒకటిన్నర అయినప్పుడు ఇచ్చట అర్ధరాత్రి. భూమి తగాదాకు సంబంధించిన పహాణీ నకలు కావలెనని అతడు ఆ వేళకు అడుగును. కావున పెట్టెనే వాని యొద్దకు చేర్చు దారి వెదుకవలసి వచ్చెను. ఆ దారి ఎట్లు ఏర్పడెనో, ఎవరెవరు వేసిరో నేడు కొంత ముచ్చటించెదము.

బాట అందరిది, దానిపై పోవు మాట కొందరిది. ఈ చిక్కు క్రొత్తది కాదు. హైదరాబాదు సంస్థానమునకు సొంత తపాలా శాఖ ఉండెను. 1869లో సంస్థానపు తొలి తపాలా బిళ్ల వెలువడెను. 1950లో ఆ శాఖ భారత తపాలా శాఖలో కలిసిపోయెను. ఆ కాలమున సర్కారు కాగితములు లక్కముద్ర వేసిన సంచులలో పోవుచుండెను. సంచి మోయువానికి చేరవలసిన ఊరు తెలియును, లోపలి సంగతి తెలియదు. అయితే లక్కముద్రకు ఒక లోపము కలదు. ఎవడైన విప్పినచో విప్పినట్లు తెలియునే గాని, విప్పకుండ అది ఆపజాలదు. (మన రేడియోకు ఈ బెడద లేదు. దాని మాట అందరికొరకే గదా!)

ఇక ఇంటిలోని ఫైళ్ల సంగతి. ఒక కంప్యూటరులోని ఫైలును మరొక కంప్యూటరు ముందు కూర్చున్నవాడు తన యంత్రములోని దానివలెనే తెరచి చదువుకొను పద్ధతిని 1983లో ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ అనునాయన రూపొందించెను. అది ఎస్.ఎం.బి. అను పేర ప్రసిద్ధము. తరువాత మైక్రోసాఫ్ట్ వారు దానిని స్వీకరించగా విండోసుతో పాటు అది లోకమంతట వ్యాపించెను. 1991 చివర ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అను విద్యార్థి, రెండు యంత్రముల నడుమ తీగపై పోవు మాటలను గమనించి, లోగుట్టు తెలిపెడి కాగితమేదియు చేత లేకయే, ఆ భాషను పలుకగల ప్రోగ్రామును వ్రాయుటకు పూనుకొనెను. తొలుత పెట్టిన పేరుపై వేరొక సంస్థకు హక్కు ఉండుటచే, ఎస్., ఎం., బి. అను మూడక్షరములు వరుసగా వచ్చు మాటకై కంప్యూటరులోని పదముల పట్టీని గాలించి 'సాంబా' అని మార్చెను. మా ఇంటి సర్వరులో నడచునది ఆ సాంబాయే. పేరు విని మా ముసలమ్మ సాంబశివుని తలచుకొనెను; మేము దిద్దలేదు.

ఇచ్చట గమనింపవలసినదొకటి కలదు. ఈ పద్ధతి ఒకే కప్పు క్రింద పనిచేయు ఆఫీసు ఉద్యోగులకై పుట్టినది. తీగ తగిలించుకొన్నవాడు మనవాడే అను నమ్మకము దాని పునాదిలోనే ఉన్నది. 1995 ఆగస్టు 15న వి.ఎస్.ఎన్.ఎల్. మన దేశమున ఇంటర్నెట్టును సామాన్య జనులకు తెరచెను. అటుపిమ్మట గదిలోని తీగ క్రమముగా లోకపు బాటతో కలిసిపోయెను. గది పద్ధతులు మాత్రము గది పద్ధతులుగనే మిగిలెను.

ఫలితము 2017లో కండ్లకు కట్టెను. ఎస్.ఎం.బి. తొలి రూపమున ఒక లోపము ఉండెను. అమెరికా గూఢచారి సంస్థ దానిని కనుగొని గుట్టుగా ఉంచుకొనగా, దానిని వాడుకొను సాధనము దొంగిలింపబడి ఏప్రిలులో బయటపడెను. మైక్రోసాఫ్ట్ వారు దిద్దుబాటును మార్చి 14ననే విడుదల చేసియుండిరి. కాని వేసికొననివారు లక్షలు. మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఆ లోపము గుండ యంత్రము నుండి యంత్రమునకు ప్రాకి, ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, విడుదలకు మూడువందల డాలర్లు బిట్‌కాయిన్లలో అడిగెను. నూటయేబది దేశములలో రెండు లక్షలకు మించిన యంత్రములు చిక్కినవి. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. ఆంధ్రప్రదేశ్‌లోను కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయముల కంప్యూటర్లు మూగవోయెను. మార్కస్ హచిన్స్ అను ఆంగ్ల యువకుడు ఆ ప్రోగ్రాము వెదకుచున్న ఒక పేరును నమోదు చేయుటతో దాని వ్యాప్తి ఆగెను.

మేమును బుద్ధి తక్కువ పని చేసితిమి. దాచుట ఎందుకు? ఇంటి రౌటరులో ఒక ద్వారము తెరచినచో డల్లాసు నుండి సూటిగా సర్వరులోనికి రావచ్చునని ఎవరో చెప్పగా, ఒక శుక్రవారము సాయంత్రము తెరచితిమి. శనివారము ఉదయము సర్వరు చిట్టా చూడగా గుండె ఝల్లుమన్నది. ఏ దేశమువారో తెలియదు, రాత్రియంతయు తలుపు తట్టిరి. 'అడ్మిన్', 'రూట్', 'టెస్ట్' అను పేర్లతో వందలసార్లు పాస్‌వర్డులు ప్రయోగించి చూచిరి. ఏదియు పోలేదు. కాని నాయనగారి గొంతు ఉన్న పెట్టె తలుపును పరాయివారు రాత్రియంతయు గిలకొట్టిరన్న తలంపు ఆనాడు మమ్ము అన్నము తిననీయలేదు. ద్వారమును వెంటనే మూసితిమి.

తలుపు తెరచుటకు బదులు బాటకే ముద్ర వేయుట ఎట్లు? దీనికి మూలము 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అను ఇరువురు ప్రకటించిన గణిత విధానము. ఇరువురు అందరు వినుచుండగనే మాటలాడుకొని, విన్నవారికెవరికి తెలియని రహస్యమును తమలో ఏర్పరచుకొనవచ్చునని వారు చూపిరి. లక్కముద్రకు లేని గుణము దీనికి వచ్చినది. సంచి దొరికినను విప్పుట సాధ్యము కాదు. 1995లో ఇంటర్నెట్టు బాటపై ఇట్టి కప్పును కట్టు ఐ.పి.సెక్ ప్రమాణములు వెలువడెను. 1996లో మైక్రోసాఫ్ట్ మొదలగువారు పి.పి.టి.పి. అను సులువైన పద్ధతిని తెచ్చిరి. అది ఎందరికో తొలి వి.పి.ఎన్. అయ్యెను గాని, రెండేండ్లకే బ్రూస్ ష్నైయర్, మడ్జ్ అను నిపుణులు దాని బలహీనతలను బయటపెట్టిరి. సులువని నేటికిని దానిని వాడువారున్నచో మానుట మేలు. జేమ్స్ యోనన్ అను ఇంజనీరు మధ్య ఆసియా దేశములలో ప్రయాణించుచు, ఊరుపేరు ఎరుగని తీగల మీదుగా తన కార్యాలయముతో మాటలాడవలసి వచ్చి, ఆ భయములోనుండి 2001లో ఓపెన్ వి.పి.ఎన్.ను తయారుచేసెను.

మేము వాడునది వైర్‌గార్డ్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ దీని కర్త. 2020 మార్చిలో ఇది లైనక్సు 5.6లో అంతర్భాగమయ్యెను. మొత్తము ప్రోగ్రాము నాలుగువేల పంక్తులకు లోపుగనే ఉండుటచే ఒక్క మనిషి కూర్చుండి చదివి తప్పులు వెదకగలడు. పాతవి లక్ష పంక్తులు దాటినవి, ఎవరు చదువుదురు? ఇందులో ఒక్కొక్క ఫోనునకు జంట చెవులుండును. ఒకటి గుప్తము, రెండవది బహిరంగము. సర్వరు వద్ద బహిరంగ చెవుల జాబితా ఉండును. జాబితాలో లేనివాడు ఎంత తట్టినను అది పలుకదు. ఇల్లు ఉన్నదన్న జాడయే తెలియనీయదు. సాంబా ద్వారము లోపలనే ఉండును, బాటవైపు మూసియే ఉండును. డల్లాసు ఫోను మాత్రము సిద్దిపేట ఇంటిలో ఉన్నట్లే మెలగును.

ఒక అడ్డంకి మాత్రము మమ్ము నెల దినములు వేధించెను. ఇంటర్నెట్టు చిరునామాల పాత నిల్వ ఆసియా ఖండమునకు 2011 ఏప్రిలులోనే దాదాపు అడుగంటెను. అందుచే పెక్కు కనెక్షన్లలో అనేక గృహములకు కలిపి ఒకే బయటి చిరునామా ఇత్తురు. అట్టి ఇంటికి వెలుపలినుండి సూటిగా వచ్చు వీలు లేదు. నిజమైన చిరునామా గల చిన్న యంత్రము నొకదానిని నెల అద్దెకు తీసికొని, ఇల్లును డల్లాసును రెండును బయటికి నడచి వచ్చి అచ్చట కలిసికొనునట్లు ఏర్పాటు చేసితిమి. ఐ.పి.వి.6 అను క్రొత్త చిరునామా ఉన్నవారికి ఈ అద్దె తప్పవచ్చును.

ప్రకటనలలో అమ్ముడుపోవు వి.పి.ఎన్. వేరు. ఆ బాట ఎవరో వ్యాపారి యింటిలో ముగియును, మనది మన యింటనే ముగియును. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఉత్తర్వు, చందాదారుల వివరములను ఐదేండ్లు భద్రపరచుమని ఆ వ్యాపారులను ఉద్దేశించినది. ఆ పిమ్మట కొందరు మన దేశములోని తమ సర్వర్లను ఎత్తివేసిరి. ఇంటివారి సొంత బాటను ఆ వ్యాపారముతో కలిపి భయపడనక్కరలేదు.

అయితే ముద్ర బాటకే గాని పెట్టెకు కాదు. డిస్కు చెడినచో వి.పి.ఎన్. ఏమియు చేయజాలదు, కావున టేపుల ప్రతి నొకదానిని హైదరాబాదులో అమ్మాయి యొద్ద ఉంచితిమి. గత యేడు జూబిలీ బస్ స్టేషను నుండి సిద్దిపేటకు వచ్చు బస్సులో ఆమె ఫోను పోయెను. ఇల్లు చేరకముందే మరొకరి ఫోనుతో చెప్పగా, జాబితాలోని ఆ ఒక్క పంక్తిని కొట్టివేసితిమి. తక్కిన చెవులను మార్చ పనిలేకపోయెను. క్రొత్త ఫోనునకు క్రొత్త జంట వ్రాసితిమి. డల్లాసు కుర్రవాడు ఇప్పుడు మమ్ము అర్ధరాత్రి లేపుట లేదు, పహాణీని తానే తీసికొనును. కచ్చేరీలో అసలు కాగితము చూపుమన్ననాడు మాత్రము మేమే నిచ్చెన వేసి అటక ఎక్కుచున్నాము.