మెలకువలో ఉన్న రోగి

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డే ఆసుపత్రిలో పాతికేళ్ల డాక్టర్ వెర్నర్ ఫోర్స్‌మన్, చేతి సిరలోంచి గుండె దాకా గొట్టం పంపవచ్చని నిరూపించాలనుకున్నాడు. పైవాళ్లు వద్దన్నారు. పరికరాలు నర్సు చేతిలో ఉన్నాయి. ఆమె ధైర్యంగా, ప్రయోగం తన మీదే చేయమంది. అతను ఆమెను బల్లకు కట్టేసి, గొట్టాన్ని తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. తర్వాత ఎక్స్‌రే తీయించుకున్నాడు. 1956లో నోబెల్ పంచుకున్నాడు. ఆ సాహసం గొప్పదే. కానీ నర్సు ఒప్పుకున్నది ఒకటి, జరిగింది మరొకటి.

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో కథ వేరు. 38 ఏళ్ల బీమా ఉద్యోగికి బైపాస్ తప్పదన్నారు. ఛాతీ కోయించుకోవడం అతనికి ఇష్టం లేదు. డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్సిగ్ వచ్చి, ఇరుకైన నాళాన్ని వెడల్పు చేయడానికి తన వంటింటి బల్ల మీద తయారైన బెలూన్ గురించి చెప్పాడు. గుండె రక్తనాళంలో దాన్ని మెలకువగా ఉన్న మనిషికి వాడటం అదే మొదటిసారి. రోగి సరేనన్నాడు. సర్జన్లు సిద్ధంగా నిలబడ్డారు గానీ వాళ్ల అవసరం రాలేదు. పదేళ్ల తర్వాత చూసినా ఆ నాళం తెరుచుకునే ఉంది. ఏం చేయించుకుంటున్నాడో, ఎందుకో అతనికి తెలుసు.

తర్వాత, నాళాన్ని తెరిచి ఉంచే స్టెంట్లు వచ్చాయి. హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవకైన స్టెంటు తయారుచేయించారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. ఖర్చు గురించి అడగడం మన కుటుంబాలకు వచ్చింది. "స్టెంటు వేశారు, ఇక గుండెపోటు రాదు" అన్న నమ్మకం మాత్రం కదల్లేదు.

అమెరికాలోనూ అంతే. గుండెపోటు వచ్చిన గంటల్లో నాళం తెరిస్తే ప్రాణం నిలుస్తుంది, అందులో సందేహం లేదు. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గుదల అన్న స్థిరమైన జబ్బులో మాత్రం, సరైన మందులు వాడుతున్నవాళ్లకు స్టెంటు అదనంగా వేసినా గుండెపోట్లు, మరణాలు తగ్గలేదని 2007లో కరేజ్ అధ్యయనం తేల్చింది. 2010లో వెలువడిన మసాచుసెట్స్ అధ్యయనంలో, కాథెటర్ పరీక్షకు సంతకం పెట్టిన 153 మందిని అడిగితే 88 శాతం స్టెంటు గుండెపోటు ముప్పును తగ్గిస్తుందనే అన్నారు. వాళ్ల డాక్టర్లు చాలామంది అలా అనుకోలేదు. ఒకే గదిలో ఒకే కాగితం, రెండు అర్థాలు. ఇది రోగి అజ్ఞానం అనడం అన్యాయం. మూసుకున్న గొట్టాన్ని తెరిచిన చిత్రం తెర మీద కళ్లారా చూసినవాడు ఇంకేం నమ్ముతాడు?

2017లో బ్రిటన్‌లో ఓర్బిటా పరిశోధకులు, స్థిరమైన నొప్పి ఉన్న 200 మందిలో కొందరికి స్టెంటు వేసి, మిగతావాళ్లకు వేసినట్టు నటించారు. వ్యాయామ సామర్థ్యంలో గట్టి తేడా కనిపించలేదు. 2023లో వచ్చిన రెండో ఓర్బిటాలో, గుండెనొప్పి మందులు ఆపి చూస్తే స్టెంటు నిజంగానే నొప్పి తగ్గించింది. అయితే అది 12 వారాల నొప్పి లెక్క. గుండెపోటు సంగతి తేల్చడానికి పెట్టిన పరీక్ష కాదు.